హైడ్రోజన్ కంపెనీల చవక షేర్లు: విద్యార్థులు, తల్లిదండ్రులు వేసి చూడవలసిన లెక్కలు

ఎండతో నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీయవచ్చా? తీయవచ్చు. ఆ హైడ్రోజన్‌తో కరెంటు పుట్టించి బండి నడపవచ్చా? నడపవచ్చు. మరి ఈ పని చేస్తామంటున్న కంపెనీ షేరు కొంటే మన డబ్బు పెరుగుతుందా? మొదటి రెండు ప్రశ్నలు సైన్సువి. మూడోది సైన్సుది కాదు. అయినా మొదటి రెండింటికి ‘అవును’ అని జవాబు వచ్చింది గనుక మూడోదానికీ అదే జవాబని మన పిల్లలు చాలామంది అనుకుంటున్నారు. ఈసారి స్కాలర్‌షిప్ సంచికకు ఒక పాఠం రాయమని సంపాదకులు అడిగినప్పుడు అందుకే ఈ విషయం తీసుకున్నాను.

నేను ముప్పై ఏళ్ళకు పైగా కాలేజీలో ఫిజిక్స్ చెప్పినవాణ్ణి. షేర్ల వ్యాపారం నా వృత్తి కాదు. ఏ షేరు కొనాలో, ఏది అమ్మాలో ఈ వ్యాసంలో దొరకదు. ఇందులో ఉన్నదల్లా కొంచెం సైన్సు, కొంచెం గుణకారం, భాగహారం. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకుని చదివితే మేలు.

ముందు సైన్సు

నీటిలో కరెంటు పంపితే ఒకవైపు హైడ్రోజన్, మరోవైపు ఆక్సిజన్ బుడగలు రావడం మీరు పదో తరగతిలోనే చూసి ఉంటారు. దీన్ని తిరగేస్తే ఫ్యూయెల్ సెల్ అవుతుంది. అంటే హైడ్రోజన్, ఆక్సిజన్ కలిపి నీరు, కరెంటు తీసుకోవడం అన్నమాట. ఇది కొత్త విద్య కాదు. విలియం గ్రోవ్ 1839లోనే దీన్ని చేసి చూపించాడు. చంద్రుడి మీదికి వెళ్ళిన అపోలో నౌకల్లో కరెంటు ఇచ్చింది ఫ్యూయెల్ సెల్సే. ఎండ నేరుగా పడే పలకతోనే నీటిని విడగొట్టవచ్చని జపాన్ శాస్త్రవేత్తలు ఫుజిషిమా, హోండా 1972లో ప్రకటించారు. అమెరికా ప్రభుత్వ పరిశోధనశాలలో జాన్ టర్నర్ బృందం 1998లో పన్నెండు శాతం పైచిలుకు సామర్థ్యంతో అదే పని చేసింది. కానీ ఆ పలక ఎక్కువకాలం మన్నలేదు. నీటిలో మునిగి, ఎండలో ఎండుతూ ఏళ్ళ తరబడి పాడవకుండా ఉండే పదార్థం, అదీ చవకగా దొరికేది, ఈ రంగంలో నేటికీ పెద్ద సవాలే.

ఇప్పుడు మొదటి లెక్క. ఒక కిలో హైడ్రోజన్‌లో దాగి ఉన్న శక్తి సుమారు 39 యూనిట్లు. మన కరెంటు బిల్లులో ఉండే యూనిట్లే ఇవి. కానీ మంచి ఎలక్ట్రోలైజర్ అయినా ఒక కిలో తీయడానికి 50 నుంచి 55 యూనిట్లు తింటుంది. అదే కిలో హైడ్రోజన్‌ను ఫ్యూయెల్ సెల్‌లో పెడితే తిరిగి వచ్చేది 16, 17 యూనిట్లు. అంటే మూడు రూపాయలు పెట్టి ఒక రూపాయి తెచ్చుకోవడం. ఆ కరెంటునే బ్యాటరీలో దాచి తీసుకుంటే వందకు ఎనభై అయిదుకు పైగా తిరిగి వస్తుంది. అందుకే చిన్న కార్ల పోటీలో బ్యాటరీ ముందుకు పోయింది. హైడ్రోజన్ అవసరం ఎరువుల తయారీలో, ఉక్కులో, శుద్ధి కర్మాగారాల్లో ఉంది. అక్కడ దాని బదులు బ్యాటరీ పనికిరాదు.

రెండో లెక్క ఎండది. మన ప్రాంతాల్లో ఒక చదరపు మీటరు మీద రోజుకు సగటున 5 యూనిట్ల ఎండ పడుతుందనుకోండి. ఎండ నుంచి నేరుగా హైడ్రోజన్ తీసే పలక సామర్థ్యం 10 శాతం అనుకుందాం. రోజుకు అర యూనిట్ హైడ్రోజన్‌గా మారుతుంది. అరను 39తో భాగించండి. సుమారు 13 గ్రాములు. ఒక కిలో కావాలంటే దాదాపు 80 చదరపు మీటర్లు, అంటే 860 చదరపు అడుగులు కావాలి. ఒక మోస్తరు ఇంటి డాబా అంతా పరిస్తే వచ్చే ఆ కిలోతో హైడ్రోజన్ కారు వంద కిలోమీటర్లు పోతుంది.

ఇది తక్కువేమీ కాదు. కానీ మామూలు సోలార్ పలక సామర్థ్యం నేడు 20 శాతం దాటింది. దాని కరెంటును 70 శాతం సామర్థ్యమున్న ఎలక్ట్రోలైజర్‌కు ఇస్తే మొత్తం మీద 14 శాతం వస్తుంది. బజారులో దొరికే రెండు వస్తువులు కలిపితేనే 14 వస్తున్నప్పుడు, ‘మేము ఒకే పలకలో 10 శాతం సాధించాం’ అనే కంపెనీని ఏమని అడగాలి? ఎంత చవక, ఎన్నేళ్ళు మన్నుతుంది అని అడగాలి. ఈ రెండింటికి అంకెలతో జవాబు లేని ప్రకటన ఎంత ఆర్భాటంగా ఉన్నా అది ప్రయోగశాల వార్తే గాని వ్యాపార వార్త కాదు.

రెండు సెంట్లంటే చవకేనా?

అయిదు డాలర్ల లోపు ధర పలికే చిన్న కంపెనీల షేర్లను అమెరికాలో సాధారణంగా పెన్నీ షేర్లు అంటారు. మన దగ్గర రూపాయి, రెండు రూపాయలు పలికే వాటికీ ఆ పేరే వాడుతున్నారు. వీటి ఆకర్షణ ఒక్కటే. ‘పదివేలకు పెద్ద కంపెనీవి నాలుగు షేర్లు వస్తాయి, దీనివి అయిదు వేల షేర్లు వస్తాయి, ఇది పది రూపాయలైతే చాలు’ అన్న ఊహ.

సన్‌హైడ్రోజన్ అనే అమెరికన్ కంపెనీ ఉంది. 2009లో మొదలైంది. 2020 వరకు దాని పేరు హైపర్‌సోలార్. ఎండతో నేరుగా హైడ్రోజన్ తీసే పలకలే దాని లక్ష్యం. అయోవా విశ్వవిద్యాలయంలో దాని తరఫున నిజమైన పరిశోధనే జరిగింది. ఇందులో మోసముందని నేను అనడం లేదు. కానీ 2024 వరకు ఆ కంపెనీకి వస్తువు అమ్మి సంపాదించిన ఆదాయమంటూ లేదు. షేరు ధర సెంట్లలో ఉంటుంది. షేర్ల సంఖ్య మాత్రం 500 కోట్లు దాటింది.

ఇప్పుడు గుణించండి. షేరు రెండు సెంట్లే అనుకున్నా 500 కోట్ల షేర్ల మొత్తం ధర 10 కోట్ల డాలర్లు. మన లెక్కలో ఎనిమిది వందల కోట్ల రూపాయల పైమాట. అమ్మకాలు మొదలుపెట్టని సంస్థకు మార్కెట్టు కట్టిన వెల అది. రెండు సెంట్ల షేరు చవకది అనుకున్నవాడు చూసింది జామకాయ ముక్క ధరను. తోట ఖరీదు ఎంత అని అడగలేదు. ఒక షేరు ధర మీకు దాదాపు ఏమీ చెప్పదు. షేరు ధరను షేర్ల సంఖ్యతో గుణించినప్పుడే కంపెనీ ధర తెలుస్తుంది.

ఆ 500 కోట్ల షేర్లు ఎక్కడి నుంచి వచ్చాయి? ఆదాయం లేని కంపెనీకి జీతాలు, పరిశోధన ఖర్చు ఎక్కడో ఒకచోట నుంచి రావాలి. కొత్త షేర్లు ముద్రించి అమ్ముతుంది. లేదా షేర్లుగా మారే అప్పుపత్రాలు ఇస్తుంది. ఈ రెండో పద్ధతిలో అప్పిచ్చినవాడు కొంతకాలం తరువాత డబ్బుకు బదులు షేర్లు తీసుకుంటాడు, చాలాసార్లు అప్పటి మార్కెట్ ధర కన్నా తక్కువకు. ధర ఎంత పడితే అతడికి అన్ని ఎక్కువ షేర్లు. వాటిని అతడు బజారులో అమ్మేస్తే ధర ఇంకా పడుతుంది. పాత షేరుదారు చేతిలో షేర్ల సంఖ్య అంతే ఉంటుంది. కంపెనీలో అతడి వాటా మాత్రం తగ్గుతూ పోతుంది. పెళ్ళివారింట్లో అనుకోని బంతి వచ్చినప్పుడు మజ్జిగ కుండలో నీళ్ళు పోస్తారే, అలా. గ్లాసు నిండుగానే ఉంటుంది, మజ్జిగే పలచబడుతుంది.

పాతికేళ్ళ కథ ఒకటి

పెన్నీ షేర్లే ఇలా ఉంటాయి, పేరున్నవి బాగుంటాయి అనుకోకండి. ప్లగ్ పవర్ సంగతి చూడండి. 1997లో పుట్టిన అమెరికన్ కంపెనీ. 1999 అక్టోబరులో 15 డాలర్లకు షేర్లు అమ్మింది. అప్పుడు కంప్యూటర్ కంపెనీల షేర్లతో పాటు ఫ్యూయెల్ సెల్ షేర్లకూ వేలంవెర్రి పట్టింది. కెనడాకు చెందిన బాలార్డ్ కంపెనీ షేరు 100 డాలర్లు దాటింది. ప్లగ్ పవర్ షేరు 2000 ఆరంభంలో 150 డాలర్లు దాటింది. ఆ తరువాత దిగుతూ దిగుతూ డాలరు లోపుకు చేరింది. 2011లో పది పాత షేర్లకు ఒక కొత్త షేరు ఇచ్చారు. 2013లో ఆ కొత్త షేరు కూడా పావు డాలరు లోపుకు పడింది. 2021 జనవరిలో 75 డాలర్ల దాకా ఎగిరింది. 2025 మే నెలలో మళ్ళీ డాలరు లోపు. అదే ఏడాది అక్టోబరులో 4 డాలర్లు దాటి, మళ్ళీ తగ్గింది.

2000లో 150 డాలర్ల చొప్పున 100 షేర్లు కొన్న వ్యక్తిని ఊహించుకోండి. అతడు పెట్టింది 15,000 డాలర్లు. 2011 తరువాత అతడి దగ్గర ఉన్నవి 10 షేర్లు. 2021లో వార్తాపత్రికలన్నీ ‘హైడ్రోజన్ యుగం వచ్చేసింది’ అన్నప్పుడు, ధర శిఖరాన ఉన్నప్పుడు, ఆ పది షేర్ల విలువ 750 డాలర్లు. ఇరవై ఒక్క ఏళ్ళు ఓపిక పట్టి, సరిగ్గా మంచి రోజు చూసి అమ్మినా వందకు అయిదు మిగిలింది.

ఇంతకూ ఆ కంపెనీ వస్తువు పనికిరానిదా? అదే ఇందులో విశేషం. దాని ఫ్యూయెల్ సెల్స్ బాగానే పనిచేస్తాయి. వాల్‌మార్ట్, అమెజాన్ గోదాముల్లో సరుకు ఎత్తే బండ్లు వేల సంఖ్యలో వాటితోనే నడుస్తున్నాయి. గ్రోవ్ కాలం నాటి కలను బజారుకు తెచ్చిన సంస్థ అది. కానీ పుట్టినప్పటి నుంచి 2024 దాకా ఒక్క ఏడాది కూడా లాభం చూడలేదు. 2024లోనే నష్టం 200 కోట్ల డాలర్లు దాటింది. 2020లో అయితే మరీ వింత. పెద్ద ఖాతాదారులకు తమ షేర్లు కొనే హక్కులు ప్రోత్సాహకంగా ఇచ్చారు. లెక్కల నియమాల ప్రకారం ఆ హక్కుల విలువను అమ్మకాల్లోంచి తీసివేయవలసి వచ్చి, ఆ ఏడాది మొత్తం ఆదాయమే మైనస్ అంకె అయింది. నష్టం మైనస్‌లో ఉండటం మనకు తెలుసు. అమ్మకాల పద్దే సున్నా కన్నా కిందికి పోవడం నా మట్టుకు నేను ఇంకెక్కడా చదవలేదు. ఈ నష్టాలన్నీ భరించింది కొత్త షేర్లు కొన్నవారు. 2020 ఆరంభంలో సుమారు 30 కోట్లున్న షేర్లు 2025 నాటికి 100 కోట్లు దాటాయి.

వస్తువు గెలవడం వేరు, షేరుదారు గెలవడం వేరు. నేను ఈ పాఠం రాయడానికి కారణం ఈ ఒక్క మాటే. కాబట్టి మరో ఉదాహరణ కూడా ఇస్తాను.

అమెరికాలోనే ఫ్యూయెల్‌సెల్ ఎనర్జీ అని మరో పాత కంపెనీ ఉంది. షేరు ధర ముప్పై పనిదినాలు వరుసగా డాలరు లోపు ఉంటే నాస్‌డాక్ మార్కెట్టు నోటీసు ఇస్తుంది. గడువులోగా ధర పెరగకపోతే జాబితాలోంచి తీసేస్తుంది. దీన్నుంచి తప్పించుకోవడానికి కంపెనీలు చేసే పని, పాత షేర్లు కొన్ని కలిపి ఒక కొత్త షేరు చేయడం. పది పదిరూపాయల నోట్లు ఇచ్చి ఒక వంద నోటు తీసుకున్నట్టు. విలువ మారదు, ధర మాత్రం పెద్దదిగా కనిపిస్తుంది. ఈ కంపెనీ 2015 డిసెంబరులో పన్నెండింటిని ఒకటి చేసింది. 2019 మేలో మళ్ళీ పన్నెండింటిని ఒకటి చేసింది. 2024 నవంబరులో ముప్పైని ఒకటి చేసింది. పన్నెండు పన్నెండ్లు నూట నలభై నాలుగు, దాన్ని ముప్పైతో గుణిస్తే 4,320. అంటే 2015 నవంబరులో 4,320 షేర్లున్న వ్యక్తికి 2024 చివరికి మిగిలింది ఒకే ఒక్క షేరు. వాటిని కొనడానికి అతడికి వేల డాలర్లు అయి ఉంటాయి. ఆ మిగిలిన ఒక్కటి 2025లో చాలాకాలం పది డాలర్ల లోపే పలికింది.

కంపెనీ ఇంకా నడుస్తోంది. ఎవరూ జైలుకు పోలేదు. ఎవరూ అబద్ధం ఆడలేదు. ప్రతి అడుగూ చట్టప్రకారం, ముందుగా ప్రకటించి చేసినదే. మోసం జరిగితేనే డబ్బు పోతుందని నమ్మే తల్లిదండ్రులు దీన్ని మరోసారి చదవాలి.

మోసం కూడా జరిగిన కథ

అది కూడా ఉంది, క్లుప్తంగా చెబుతాను. నికోలా అనే కంపెనీ హైడ్రోజన్ లారీలు చేస్తామని 2020 జూన్‌లో మార్కెట్టుకు వచ్చింది. ఒక్క లారీ అమ్మకముందే కొద్దిరోజులు దాని మొత్తం వెల ఫోర్డ్ కంపెనీ వెలను మించింది. అంతకు ముందు 2018లో వారు తమ లారీ రోడ్డు మీద పరుగెత్తుతున్న వీడియో చూపించారు. ఇంజను లేని ఆ బండిని వాలు రోడ్డు మీద వదిలితే అది దొర్లుకుంటూ పోయిందని 2020 సెప్టెంబరులో ఒక పరిశోధన నివేదిక బయటపెట్టింది. వ్యవస్థాపకుడు ట్రెవర్ మిల్టన్‌ను మదుపరులను మోసగించినందుకు 2022లో న్యాయస్థానం దోషిగా తేల్చింది. 2023 డిసెంబరులో నాలుగేళ్ళ శిక్ష పడింది. 2025 మార్చిలో అమెరికా అధ్యక్షుడు క్షమాభిక్ష ఇచ్చారు. కంపెనీ అంతకు ముందు నెలలోనే దివాలాకు దరఖాస్తు పెట్టుకుంది. అతడికి క్షమాభిక్ష దొరికింది, షేర్లు కొన్నవారి డబ్బు దొరకలేదు.

వాలు రోడ్డు మీద బండి దొర్లుతుందని మనకు తొమ్మిదో తరగతి పుస్తకమే చెబుతుంది. వీడియోలో రోడ్డు వాలు ఎంతో అడగాలని తోచకపోవడం చిత్రం.

అయితే ఎవరూ బాగుపడలేదా?

బాగుపడ్డారు. దాచిపెట్టి చెబితే పాఠం అబద్ధమవుతుంది. బ్లూమ్ ఎనర్జీ అనే ఫ్యూయెల్ సెల్ కంపెనీని స్థాపించిన కె.ఆర్. శ్రీధర్ తిరుచిరాపల్లి ప్రాంతీయ ఇంజనీరింగ్ కాలేజీలో, అంటే నేటి ఎన్‌ఐటీలో, మెకానికల్ ఇంజనీరింగ్ చదివినవారు. తమిళనాడులోని మన పిల్లలు గర్వంగా చెప్పుకోదగిన పేరు. ఆ షేరు 2018లో 15 డాలర్లకు మార్కెట్టుకు వచ్చింది. 2019లో 3 డాలర్ల లోపుకు పడింది. కంప్యూటర్ కేంద్రాలకు కరెంటు గిరాకీ విపరీతంగా పెరగడంతో 2025 అక్టోబరులో 100 డాలర్లు దాటింది. 2019లో కొని పట్టుకున్నవాడికి ముప్పై రెట్లకు పైగా.

కానీ ఒక సంగతి గమనించండి. ఆ పెట్టెల్లో ఎక్కువగా వాడుతున్న ఇంధనం సహజవాయువు. గెలిపించింది హైడ్రోజన్ కాదు. 2019లో ‘హైడ్రోజన్ రాబోతోంది’ అని సరిగ్గా ఊహించి ఫ్యూయెల్ సెల్ కంపెనీల్లో ఒకటి ఎంచుకున్నవారిలో ఎక్కువమంది వేరే వాటి దగ్గర ఆగిపోయారు. బ్లూమ్ దగ్గర ఆగినవారిలోనూ ఇలా గెలుస్తుందని ముందే చెప్పగలిగినవారు ఎంతమంది ఉంటారు? చీటీల పెట్టెలోంచి వచ్చిన అంకెను తరువాత చూపించి ‘నాకు ముందే తెలుసు’ అనడం సులువు.

హొసూరు నుంచి ఒక తండ్రి ఈ విషయమే నాతో మాట్లాడారు. కొడుకు మూడో ఏడాది ఇంజనీరింగ్. చివరి ఏడాది ఫీజు కోసం బ్యాంకులో డిపాజిట్ చేసి ఉంచారు. “మాస్టారూ, మా అక్క కొడుకు అమెరికాలో ఉన్నాడు. వాడు మే నెలలో ఒక హైడ్రోజన్ షేరు కొని అక్టోబరుకు నాలుగింతలు చేశాడు. ఫీజు కట్టడానికి ఇంకా ఎనిమిది నెలలుంది. వాడి చేతే మనమూ కొనిపిస్తే ఏం?” అని అడిగారు. ఆయన అత్యాశపరుడేమీ కాదు. రేట్లు చూసుకుని, వాయిదాలు లెక్కబెట్టుకుని బతికే మనిషి.

నేను ఆయన్ను రెండే అడిగాను. ఆ అబ్బాయి ఇంతవరకు కొన్నవన్నీ ఏమిటి, నాలుగింతలైనది ఒక్కటేనా, మిగతావి ఏమయ్యాయి? ఇది మొదటిది. మేలో కొనడానికి బదులు అక్టోబరులో కొని ఉంటే డిసెంబరుకు ఎంత మిగిలేది? ఇది రెండోది. ఆయన ఫోన్ చేసి కనుక్కున్నారు. మిగతావి అయిదు కంపెనీలట. వాటి సంగతి అడిగితే మేనల్లుడు “అవి లాంగ్ టర్మ్ మామయ్యా” అన్నాడట.

దాంతో ఆయనకు నేను చెప్పవలసింది తగ్గిపోయింది. ఫీజుకు తేదీ ఉంటుంది, షేరుకు ఉండదు. ఇరవై ఏళ్ళు ఆగగలిగిన డబ్బు, పోయినా వంటింట్లో తేడా రాని డబ్బు వేరు. జూన్ పదిహేనుకు కాలేజీ కౌంటరులో కట్టవలసిన డబ్బు వేరు. డిపాజిట్ అక్కడే ఉంచారు.

అమెరికాలో ఉన్న బంధువు ఖాతాలో మన డబ్బు పెట్టించడం గురించి మరొక మాట. రిజర్వు బ్యాంకు అనుమతించిన పద్ధతిలో ఒక వ్యక్తి ఏడాదికి 2,50,000 డాలర్ల వరకు విదేశాలకు పంపవచ్చు, అక్కడి షేర్లు తన పేరునే కొనవచ్చు. మన దేశంలో నివసించేవారికి విదేశీ షేరు ఒక్కటున్నా ఆదాయపు పన్ను రిటర్నులో విదేశీ ఆస్తుల కింద చూపాలి. ఇంకొకరి పేరున కొనిపిస్తే కాగితం వారిది, డబ్బు మనది. నష్టం వస్తే పోయేది డబ్బు ఒక్కటే కాదు, రాకపోకలు కూడా.

మన దేశంలో

2023 జనవరిలో కేంద్ర ప్రభుత్వం జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్‌ను ఆమోదించింది. కేటాయింపు 19,744 కోట్ల రూపాయలు. 2030 నాటికి ఏడాదికి 50 లక్షల టన్నుల ఉత్పత్తి లక్ష్యం. విశాఖ దగ్గర పూడిమడకలో ఎన్‌టీపీసీ హైడ్రోజన్ కేంద్రానికి 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. యానాం పక్కనే ఉన్న కాకినాడలో ఏఎం గ్రీన్ సంస్థ గ్రీన్ అమోనియా ప్లాంటు చేపట్టింది. బరంపురం వారికి దగ్గరైన గోపాల్‌పూర్‌లోనూ అలాంటి ప్రాజెక్టులు ప్రకటించారు.

ఇలాంటి వార్తలు వచ్చిన వెంటనే ఫోనుకు సందేశాలు కూడా వస్తాయి. ‘ఈ మూడు రూపాయల షేరు హైడ్రోజన్ ఆర్డరు కొట్టబోతోంది, సోమవారం లోగా కొనండి’ అని. పంపినవాడు ఎవరో తెలియదు. తెలియవలసింది ఒక్కటే, అతడు శుక్రవారమే కొని ఉంచుకున్నాడు. మీరు కొంటే అతడు అమ్ముతాడు. 2022 జులైలో సాధనా బ్రాడ్‌కాస్ట్ అనే చిన్న షేరు విషయంలో సరిగ్గా ఇలాగే యూట్యూబ్ వీడియోలతో ఆశ చూపి జనం చేత కొనిపించారని సెబీ 2023 మార్చిలో ఉత్తర్వులిచ్చింది. అది హైడ్రోజన్ కంపెనీ కాదు, కానీ పద్ధతి ఒక్కటే. పేరు చూసి మోసపోకుండా సెబీ ఇంకో నియమం కూడా పెట్టింది. షేర్ మార్కెట్టులో ఉన్న కంపెనీ కొత్త వ్యాపారాన్ని సూచించే పేరు పెట్టుకోవాలంటే అంతకు ముందు ఏడాది ఆదాయంలో కనీసం సగం ఆ వ్యాపారం నుంచే వచ్చి ఉండాలి, లేదా కంపెనీ ఆస్తుల్లో కనీసం సగం మేర ఆ వ్యాపారంలో పెట్టుబడి పెట్టి ఉండాలి. ‘సాఫ్ట్‌వేర్’ అని పేరు తగిలించుకుంటే షేరు పెరిగిన పాతికేళ్ళ నాటి రోజులు చూసినవారికి ఈ నియమం ఎందుకు వచ్చిందో చెప్పనక్కరలేదు.

వార్షిక నివేదిక చదవడం నేర్చుకోండి. అమెరికన్ కంపెనీలవి అక్కడి నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ దగ్గర ఉచితంగా దొరుకుతాయి, మనవి బీఎస్‌ఈ, ఎన్‌ఎస్‌ఈ దగ్గర. రెండు వందల పేజీలు చూసి భయపడవద్దు. ముందు వెతకవలసింది షేర్ల సంఖ్య. ఈ ఏడాది ఎంత, అయిదేళ్ళ కిందట ఎంత. తరువాత నగదు పద్దు. వ్యాపారం నడపడంలో డబ్బు వచ్చిందా, పోయిందా, పోతే చేతిలో ఉన్న నగదు ఎన్ని నెలలకు సరిపోతుంది. మూడోది ఒక వాక్యం. ‘సంస్థ కొనసాగగలదా అన్నది సందేహాస్పదం’ అనే అర్థం వచ్చే మాట ఎక్కడైనా ఉందేమో చూడండి. 2023 నవంబరులో ప్లగ్ పవర్ తన నివేదికలో ఈ మాట రాసినప్పుడు ఒక్కరోజులోనే షేరు భారీగా పడింది. కంపెనీలు తమ కష్టాలు దాచవు, రాస్తాయి. చదివేవారే తక్కువ.

ఇంతా విని హైడ్రోజన్ అంటేనే విముఖత తెచ్చుకోవద్దు. డిగ్రీలో రసాయనం, ఇంజనీరింగ్‌లో మెటీరియల్స్, కెమికల్, ఎలక్ట్రికల్ చదువుతున్న పిల్లలకు ఇది మంచి రంగం. కారైకుడిలో కేంద్ర విద్యుత్ రసాయన పరిశోధన సంస్థ (సెక్రి) ఉంది. హైదరాబాదు ఏఆర్‌సీఐ సంస్థకు చెందిన ఫ్యూయెల్ సెల్ కేంద్రం చెన్నైలో ఉంది. షేరుదారుకు పాతికేళ్ళుగా నష్టం తెచ్చిన కంపెనీలు కూడా ఇంజనీర్లకు నెల నెలా జీతం ఇస్తూనే వచ్చాయి.

ఇక అభ్యాసం. ఇంటర్, డిగ్రీ విద్యార్థులు రెండూ చేయండి. పదో తరగతివారు మొదటిది చేస్తే చాలు.

ఒకటి. మీ ఇంటి డాబా పొడవు, వెడల్పు కొలవండి. అందులో సగం భాగంలో 20 శాతం సామర్థ్యమున్న సోలార్ పలకలు పరిచి, ఆ కరెంటును కిలోకు 52 యూనిట్లు తినే ఎలక్ట్రోలైజర్‌కు ఇస్తే రోజుకు ఎన్ని గ్రాముల హైడ్రోజన్ వస్తుంది? అదే కరెంటును నేరుగా ఇంట్లో వాడుకుంటే నెల బిల్లులో ఎంత తగ్గుతుంది?

రెండు. ఒక కంపెనీకి 10 కోట్ల షేర్లు, ధర 20 రూపాయలు. అయిదేళ్ళ తరువాత షేర్లు 40 కోట్లు, ధర 10 రూపాయలు. కంపెనీ మొత్తం వెల పెరిగిందా, తగ్గిందా? మొదట 1,000 షేర్లు కొన్న వ్యక్తి డబ్బు పెరిగిందా, తగ్గిందా? రెండు జవాబులూ ఒకేలా ఎందుకు లేవో మీ ఇంట్లో పెద్దవారికి మీరే వివరించండి.